గోలీ ఎలా తయారవుతాడు, ఎవరి కంట పడతాడు: ఎన్నూరు తల్లిదండ్రుల కోసం

ఎన్నూరులో సాయంత్రం ఐదు దాటితే కాస్త ఖాళీ జాగా ఉన్న చోటల్లా ఆట మొదలవుతుంది. కత్తివాక్కం సందుల్లో, ఎర్నావూరు వైపు, తాళంకుప్పం ఇసుకలో ఎక్కడ చూసినా రెండు జతల చెప్పులే గోల్ పోస్టులు. ఆ చెప్పుల మధ్య నిలబడేది ఎవరో మనందరికీ తెలుసు. గుంపులో అందరికంటే చిన్నవాడు, లేదా ఒళ్లు బరువుగా ఉండి పరుగెత్తలేనివాడు, లేదా ఇంట్లో పని చేసి ఆలస్యంగా వచ్చినవాడు. "నువ్వు గోలీగా నిలబడు పోరా" అని తోసేస్తారు. అదొక శిక్ష.

అలా తోసేసినవాళ్లలో ఒకడు మరుసటి రోజు తనే అడిగి మరీ అక్కడ నిలబడతాడు. ముఖానికి వచ్చే బంతికి తల తిప్పుకోడు. అలాంటి పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "మావాడు గోలీగా బాగా ఆడుతున్నాడంటున్నారు, దీనికి ముందుదారి ఏమైనా ఉందా?" అమ్మాయిల తల్లులు కూడా అడుగుతున్నారు.

దారి ఉంది. కానీ అది గోల్స్ కొట్టేవాడి దారి లాంటిది కాదు. ఆలస్యంగా మొదలవుతుంది, ఆలస్యంగా పండుతుంది, మధ్యలో చాలా ఏళ్లు బెంచీ మీదే గడుస్తాయి. ఈ సంగతి ముందే తెలియక పద్నాలుగు, పదిహేనేళ్లకే పిల్లల చేత ఆట మాన్పించినవాళ్లను మేము చూశాం. అందుకే ఈ వ్యాసంలో హాకీ గోల్‌కీపర్ గురించి మాకు తెలిసినది వివరంగా రాస్తున్నాం. మనవాళ్లు వీధుల్లో ఆడేది ఫుట్‌బాలే కదా, హాకీ ఎందుకు అంటారేమో. చెన్నైలో హాకీకి మంచి మైదానం, హాస్టలు, ఉద్యోగమిచ్చే జట్లు మూడూ ఉన్నాయి. పైగా వీధి ఫుట్‌బాల్ గోలీకి హాకీ గోలీగా మారడం మనం అనుకున్నంత కష్టం కాదు.

2025 డిసెంబరు 5న ఎగ్మూరులోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో జూనియర్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. భారత్, బెల్జియం 2-2తో సమంగా నిలిచాయి. షూటౌట్‌లో మనవాళ్లు 4-3తో గెలిచారు. ఆ రోజు గోల్‌లో నిలబడిన ప్రిన్స్‌దీప్ సింగ్ పేరు స్టేడియమంతా మారుమోగింది. ఆ జట్టు కోచ్ కూడా ఒకప్పటి గోలీయే, పి.ఆర్. శ్రీజేష్. సెమీస్‌లో జర్మనీ చేతిలో ఓడినా, చివరికి అర్జెంటీనాను 4-2తో ఓడించి కాంస్యం తెచ్చుకున్నారు. ఎన్నూరు నుంచి గంటన్నర దూరంలో జరిగిన మ్యాచ్ ఇది. మన పిల్లల్లో దాన్ని చూసినవాళ్లు ఎందరో మాకు అనుమానమే.

మన రజని

ఈ విషయంలో మన తెలుగువాళ్లకు సొంత ఉదాహరణ ఉంది. ఎతిమర్పు రజని. 1990లో పుట్టింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పల్లెటూరు అమ్మాయి. ఎన్నూరులో లోకల్ రైలెక్కితే సూళ్లూరుపేట దాకా పోవచ్చు, అక్కడి నుంచి తిరుపతి ఎంత దూరం? అంత దగ్గరి మనిషి. రైల్వేస్ తరఫున ఆడుతూ భారత మహిళల జట్టులో పదేళ్లకు పైగా గోల్‌కీపర్‌గా ఉంది. 2017 ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆమె పేరుంది.

మరి మనలో చాలామందికి ఆమె పేరు ఎందుకు తెలియదు? ఎందుకంటే ఆ పదేళ్లలో ఎక్కువ కాలం ఆమె రెండో గోలీ. మొదటి గోలీ హర్యానా అమ్మాయి సవితా పునియా. ఆమె కూడా 1990లోనే పుట్టింది. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు మంచి గోలీలు, ఒకటే చోటు. 2016 రియో ఒలింపిక్స్‌కు రజని స్టాండ్‌బై. టోక్యోకు కూడా రిజర్వే. ఫార్వర్డ్ అయి ఉంటే పక్క స్థానంలోనైనా ఆడించేవారు, ఆఖరి పది నిమిషాలకైనా దింపేవారు. గోలీకి ఆ వెసులుబాటు లేదు. మొదటి గోలీ గాయపడితేనో, కోచ్ మనసు మారితేనో తప్ప రెండో గోలీ చలి కోటు వేసుకుని కూర్చోవలసిందే.

ఇన్నేళ్లు కూర్చున్నాక, 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొట్టమొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్‌కు భారత మహిళల జట్టు కెప్టెన్‌గా రజనిని పంపారు. జట్టు ఫైనల్‌ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతంతో తిరిగొచ్చింది. అప్పటికి ఆమెకు ముప్ఫై మూడేళ్లు. మన పత్రికల్లో ఆ వార్తకు దక్కిన చోటు చూసి మాకు కోపం వచ్చిన మాట నిజం.

వేరే చోట మొదలై ఇక్కడికి చేరినవాళ్లు

మంచి గోలీల్లో చాలామంది గోలీలుగా మొదలుపెట్టలేదు. శ్రీజేష్ కేరళలోని జి.వి. రాజా స్పోర్ట్స్ స్కూలులో పన్నెండేళ్లకు చేరేనాటికి పరుగు పందేలు, లాంగ్ జంప్, వాలీబాల్ ఆడే పిల్లవాడు. గోలీగా నిలబడి చూడమన్నది అక్కడి కోచ్. ఫుట్‌బాల్‌లో పీటర్ తంగరాజ్ కథ ఇంకా ముచ్చటైనది. హైదరాబాద్‌లో పుట్టి, మొదట్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడేవాడు. సైన్యంలో చేరి నీలగిరుల్లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడుతూ 1955, 1958లలో డ్యూరాండ్ కప్ గెలిచిన జట్లలో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో భారత గోల్‌కీపర్ ఆయనే. ఇద్దరూ పొడగరులే. కానీ పొడుగు ఒక్కటే కాదు, వేరే ఆటలో నేర్చిన దూకుడు, పాదాల వేగం గోల్ ముందు అక్కరకొచ్చాయి.

అందుకే చిన్న వయసులో "వీడు గోలీ, అంతే" అని ముద్ర వేయవద్దని మా మాట. పది, పదకొండేళ్ల దాకా అన్ని చోట్లా ఆడనివ్వండి. ఐస్ హాకీ ఆడే అమెరికాలోనూ ఇదే పద్ధతి. అక్కడి ఆట సంఘం ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో శాశ్వత గోలీ అంటూ ఎవరినీ పెట్టవద్దని చెబుతుంది. రెండు నిమిషాల్లో తొడిగి విప్పేయగల తేలికపాటి ప్యాడ్లు తయారు చేయించి, వంతులవారీగా అందరినీ నిలబెట్టమంటుంది. అక్కడి ఐస్ హాకీ గోలీలు మోకాళ్లు లోపలికి మడిచి మంచు మీద వాలి గోల్ కింది భాగమంతా మూసేస్తారు. దాన్ని బటర్‌ఫ్లై అంటారు. 1980లలో ప్యాట్రిక్ రోయ్ అనే గోలీ, అతని కోచ్ ఫ్రాంస్వా అలేర్ వల్ల అది ప్రపంచమంతా పాకింది. చిన్న వయసు నుంచి ఏడాది పొడవునా అదొక్కటే చేస్తే తుంటి కీళ్లు దెబ్బతింటాయని ఇప్పుడు డాక్టర్లు హెచ్చరిస్తున్నారు. మన హాకీలో ఆ భంగిమ లేదు గానీ, ఒకే కదలికను లేత ఒళ్లు వేలసార్లు చేస్తే వచ్చే ముప్పు మాత్రం ఒకటే.

పాదాలు ముందు, చేతులు తర్వాత

చూసేవాళ్లకు గోలీ అంటే ఎగిరి పడేవాడు. కోచ్‌లకు మాత్రం ఎగరాల్సిన అవసరం రాకుండా నిలబడేవాడే మంచి గోలీ. హాకీ గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. బంతి బరువు 160 గ్రాముల చుట్టూ ఉంటుంది, క్రికెట్ బంతిలాగే గట్టిది. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. అంత దగ్గర నుంచి వచ్చే బంతిని చూసి, ఆలోచించి, కదలడానికి టైము చాలదు. బంతి కర్రను వదలకముందే సరైన చోట నిలబడి ఉండాలి. ఆ సరైన చోటును పట్టడమే సగం విద్య.

దీన్ని ఇంటి దగ్గరే అర్థం చేయించవచ్చు. కోచ్‌లు వాడే పాత పద్ధతి ఇది. ఒక పొడుగాటి తాడు రెండు చివరలను రెండు గోల్ పోస్టులకు కట్టండి. మధ్య భాగాన్ని లాగి బంతి ఉన్న చోట నేలకు అదిమి పట్టండి. త్రికోణం వస్తుంది. పిల్లవాణ్ణి ఆ త్రికోణంలో నిలబడమనండి. గీత మీద నిలబడితే రెండు పక్కలా ఎంత ఖాళీ ఉందో, రెండడుగులు ముందుకొస్తే ఆ ఖాళీ ఎంత తగ్గిందో కళ్లారా చూస్తాడు. ఇంకా ముందుకు వస్తే ఖాళీ ఇంకా తగ్గుతుంది, కానీ బంతి పక్కవాడికి అందిస్తే వెనక్కి చేరే టైము ఉండదు. ఇప్పుడు బంతిని కుడికి జరపండి, తాడు జరుగుతుంది, గోలీ కూడా జరగాలి. చిన్న చిన్న అడుగులతో, కాళ్లు అడ్డం పడకుండా, ఒళ్లు పైకి లేవకుండా జరగాలి. కొట్టే క్షణానికి రెండు పాదాలూ నేల మీద నిలకడగా ఉండాలి. నడుస్తూ ఉండగా బంతి వస్తే ఎంత గొప్ప గోలీ అయినా ఒక వైపే ఆపగలడు. వారానికి మూడు రోజులు, పూటకు ఇరవై నిమిషాలు ఈ తాడు పని చేస్తే ఏడాదిలో తేడా కనిపిస్తుంది. దీనికి టర్ఫ్ అక్కర్లేదు. మన ఇసుక నేల అయితే పిక్కలకు ఇంకా మంచిది.

తర్వాతది రెండో బంతి. ఆపడంతో పని అయిపోదు. ప్యాడుకు తగిలిన బంతి ఎక్కడికి పోయింది? ఎదుటివాడి కర్ర ముందుకే పోతే ఆపినా ఆపనట్టే. హాకీ గోలీ కిక్కర్లతో బంతిని పక్కకు, బయటి గీత వైపు తన్నగలగాలి. ఫుట్‌బాల్ గోలీలుగా ఆడిన పిల్లలకు ఇది త్వరగా వస్తుంది.

మూడోది నోరు. మైదానమంతా ముఖానికి ఎదురుగా కనిపించేది గోలీ ఒక్కడికే. "ఎడమవైపు మనిషి ఖాళీ", "ముందుకెళ్లు", "వదిలెయ్" అని అరుస్తూ డిఫెండర్లను నడిపించాలి. మన పిల్లలకు ఇక్కడ ఒక చిక్కు, ఒక సౌలభ్యం రెండూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలు చెన్నై మైదానంలో తమిళంలోనే అరవాలి, జాతీయ క్యాంపుకు వెళితే హిందీలో. బడిలో తమ తమిళాన్ని ఎగతాళి చేశారని నోరు మెదపని పిల్లలను మేము ఎరుగుదుం. వాళ్లు గోల్‌లోనూ మౌనంగానే ఉంటారు. చూసే సెలెక్టరుకు అది భయంలా కనిపిస్తుంది. ఏ భాష అయినా ఫరవాలేదు, పది మాటలు గట్టిగా అరవడం నేర్పండి. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లవాడు మూడోది సులువుగా పట్టేస్తాడు.

ఇక టెన్నిస్ బంతిని గోడకు కొట్టి రెండు చేతులతో మార్చి మార్చి పట్టడం, తాడాట, చిన్న చిన్న పరుగులు మామూలే. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. హెల్మెట్, గొంతు గార్డు, ఛాతీ గార్డు లేకుండా అసలు హాకీ బంతి ముందు పిల్లలను నిలబెట్టవద్దు. "ఒక్కసారికేగా" అని ఎవరు అన్నా ఒప్పుకోవద్దు.

సంచీ బరువు

గోలీ సామాను ఖర్చు ఇంటికి మొదటి దెబ్బ. హెల్మెట్, గొంతు గార్డు, ఛాతీ గార్డు, రెండు చేతుల గ్లవ్స్, లోపలి గార్డు, ప్యాడ్లు కుట్టిన నిక్కరు, కాళ్ల ప్యాడ్లు, కిక్కర్లు, కర్ర. జలంధర్‌లో తయారయ్యే సెట్టు వేలల్లో ఉంటుంది. అంతర్జాతీయ స్థాయివాళ్లు వాడే విదేశీ సెట్టు లక్ష రూపాయలు దాటుతుంది. శ్రీజేష్‌కు సామాను కొనడానికి వాళ్ల నాన్న పాడి ఆవును అమ్మారన్న సంగతి శ్రీజేష్ స్వయంగా చాలాసార్లు చెప్పుకున్నాడు. సవిత ఊరి నుంచి శిక్షణకు బస్సులో వెళ్లేటప్పుడు ఆ పెద్ద సంచీని లోపలికి తేనివ్వక కండక్టర్లు సతాయించేవారట.

ఎన్నూరు పిల్లలకు బస్సు బదులు లోకల్ రైలు. గుమ్మిడిపూండి వైపు నుంచి వచ్చే రైలు ఎన్నూరుకు చేరేసరికే నిండి ఉంటుంది. మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో ఇంకో రైలెక్కితే ఒక్క స్టాపు ఎగ్మూరు. పన్నెండేళ్ల పిల్లవాడు తనంత సంచీతో రోజూ ఇది చేయలేడు. అందుకే మొదటి రెండేళ్లు సొంత సామాను కొనవద్దని మా సలహా. బడికో, క్లబ్బుకో ఒక సెట్టు ఉంటుంది, దాన్నే వాడుకోవాలి. సొంతంగా కొనాల్సింది హెల్మెట్, లోపలి గార్డు మాత్రమే. ఎదిగే పిల్లలకు మిగతావన్నీ ఏడాదిలో పొట్టివైపోతాయి. మన సంఘాలు పండుగలకు పెట్టే ఖర్చులో నుంచి ఒక్క గోలీ సెట్టు కొని ఎన్నూరులో ఉంచితే నలుగురు పిల్లలు వంతులవారీగా నేర్చుకుంటారు. ఈ మాట సంఘం పెద్దలకు వినపడాలనే ఇక్కడ రాస్తున్నాం.

ఎంపికలో ఏం చూస్తారు, ఏం చూడాలి

ఎంపికల్లో సాధారణంగా జరిగేది చెబుతాం. యాభై, అరవై మంది పిల్లలు వస్తారు. పరుగు, డ్రిబ్లింగు, చిన్న మ్యాచ్‌లు అన్నీ అయ్యాక, ఎండ నెత్తికెక్కాక గోలీలను పిలుస్తారు. ఒక్కొక్కరికి పది బంతులు కొడతారు. ఎవరు ఎక్కువ ఆపితే వారు. లేదా అందరిలో పొడుగైనవాడు. ఇంతే. ఆ పది బంతులు అందరికీ ఒకేలా కొట్టారా అన్నది ఎవరికీ పట్టదు.

తెలిసిన కన్ను వేరేగా చూస్తుంది. మ్యాచ్ మొదలవకముందే, వార్మప్‌లోనే చూడటం మొదలుపెడుతుంది. షాటు కొట్టే క్షణానికి గోలీ పాదాలు నిలిచాయా? ఆపిన బంతి ఎటు పోయింది? బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు వీడేం చేస్తున్నాడు, మాట్లాడుతున్నాడా, దిక్కులు చూస్తున్నాడా? అన్నింటికంటే ముఖ్యం, గోల్ పడ్డాక తర్వాతి రెండు నిమిషాలు. తల దించుకున్నాడా, డిఫెండరు మీద అరిచాడా, నీళ్లు తాగి మళ్లీ తన చోటుకు వచ్చాడా? ఎనిమిది గోల్స్ ఇచ్చిన గోలీ ఆ మైదానంలో అందరికంటే మంచి గోలీ అయి ఉండొచ్చు. బలహీనమైన జట్టు వెనక నిలబడ్డవాడికి ముప్ఫై షాట్లు వస్తాయి, బలమైన జట్టు గోలీకి మూడు. స్కోరు చూస్తే మూడు షాట్లవాడే గొప్పగా కనిపిస్తాడు.

అందుకని తల్లిదండ్రులు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలి. ప్రతి మ్యాచ్‌కూ ఎన్ని షాట్లు గోల్ మీదకు వచ్చాయి, ఎన్ని ఆపాడు, పడినవి ఎటు పక్క, ఆపాక రెండో బంతికి పడినవి ఎన్ని. నాలుగు గీతల పట్టిక చాలు. పది మ్యాచ్‌ల తర్వాత ఎడమ కాలి పక్కే ఎక్కువ పడుతున్నాయని తెలిస్తే కోచ్‌కు అదే పెద్ద సాయం. ఎంపికలో చూపించినా విలువుంటుంది. కొందరు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

గోలీలను వెతకడానికి డబ్బు కుమ్మరించే దేశాల్లో కూడా అంచనాలు ఘోరంగా తప్పుతాయి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాళ్లను ఏటా డ్రాఫ్ట్‌లో వరసగా ఎంచుకుంటారు. 2000 సంవత్సరంలో అందరికంటే ముందు, మొదటి స్థానంలో ఎంచుకున్నది ఒక గోలీని, రిక్ డిపియెట్రో. అదే ఏడాది స్వీడన్ కుర్రాడు హెన్రిక్ లుండ్‌క్విస్ట్‌ను 205వ స్థానంలో, ఏడో రౌండులో తీసుకున్నారు. గాయాలతో సతమతమైన డిపియెట్రో 318 మ్యాచ్‌లు ఆడాడు. లుండ్‌క్విస్ట్ 887 ఆడి 459 గెలిచాడు. ఫిన్లాండ్ గోలీ పెక్కా రిన్నె 2004లో 258వ స్థానంలో వచ్చాడు, 2018లో ఆ లీగులో ఉత్తమ గోలీ బహుమతి అందుకున్నాడు. కానర్ హెల్‌బక్ 2012లో 130వ వాడు, 2025లో లీగు మొత్తానికే ఉత్తమ ఆటగాడు. స్కౌట్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. పద్దెనిమిదేళ్ల గోలీ ఇరవై ఐదేళ్లకు ఏమవుతాడో చెప్పడం అంత కష్టం.

ఫిన్లాండ్ దీనికి వేరే మందు కనిపెట్టింది. ముందే ఎవరు గొప్పో ఊహించే పని తగ్గించి, క్లబ్బుల్లో పిల్లల స్థాయి నుంచే గోలీలకు ప్రత్యేక కోచ్‌లను పెట్టింది. యాభై ఐదు లక్షల జనాభా ఉన్న దేశం కిప్రుసాఫ్, రిన్నె, రాస్క్, సారోస్ లాంటి గోలీలను వరసగా ఇచ్చింది. మన దేశంలోనూ కదలిక ఉంది. నెదర్లాండ్స్ గోల్‌కీపింగ్ కోచ్ డెన్నిస్ వాన్ డి పోల్‌ను 2019 నుంచి పలుమార్లు బెంగళూరు జాతీయ క్యాంపుకు రప్పించారు. కానీ అది పైమెట్టు. కింద, బడి స్థాయిలో, గోలీకి విడిగా ఎవరూ చెప్పరు. టొరంటోలోనో, డల్లాస్‌లోనో ఉన్న మన బంధువుల పిల్లలకు దొరికే గోలీ కోచ్ ఎన్నూరు పిల్లవాడికి దొరకడు. ఉన్న దారిలోనే వెతుక్కోవాలి.

తమిళనాట ఉన్న మెట్లు

మొదటి మెట్టు బడి. పీటీ మాస్టారు పిల్లవాడి పేరు జిల్లా పాఠశాలల పోటీలకు, ముఖ్యమంత్రి ట్రోఫీకి పంపాలి. రెండోది తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ హాస్టళ్లు. 7, 8, 9, 11 తరగతుల్లో చేరేవాళ్లకు వేసవిలో ఎంపికలు జరుగుతాయి. తిండి, బస, చదువు, శిక్షణ అన్నీ అక్కడే. హాకీకి కోవిల్‌పట్టి పేరున్న ఊరు, భారత జట్టుకు ఆడిన కార్తి సెల్వం అక్కడి శిక్షణలో ఎదిగినవాడే. ఎన్నూరు నుంచి కోవిల్‌పట్టి రాత్రంతా ప్రయాణం. పదమూడేళ్ల పిల్లను అంత దూరం పంపడమా అని తల్లులు జంకడం సహజం. హాస్టలు చూసి, వార్డెనుతో మాట్లాడి, తర్వాతే నిర్ణయించుకోండి.

మూడోది రాష్ట్ర జట్టు. సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ జాతీయ పోటీలకు హాకీ యూనిట్ ఆఫ్ తమిళనాడు జట్లను ఎంపిక చేస్తుంది. ఇక్కడే మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేము తెలుగువాళ్లం కదా, ఆంధ్రా తరఫున ఆడితే సులువు కాదా?" భాషను బట్టి రాష్ట్రం రాదు. ఆటగాడు ఏ రాష్ట్ర సంఘంలో నమోదైతే ఆ రాష్ట్రానికే ఆడాలి, మారాలంటే బదిలీకి దరఖాస్తు పెట్టుకోవాలి. చెన్నైలో చదువుతూ నెల్లూరు మేనమామ ఇంటి అడ్రసుతో ఇంకో చోట పేరు రాయించే ఆలోచన వద్దు. వయసు, అడ్రసు కాగితాల్లో తేడా వస్తే పిల్లవాడి భవిష్యత్తే పోతుంది.

నాలుగోది ఉద్యోగం. దక్షిణ రైల్వే, ఐ.సి.ఎఫ్., ఇండియన్ బ్యాంక్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటి సంస్థలకు చెన్నైలో హాకీ జట్లున్నాయి. చెన్నై లీగులో, ఎం.సి.సి. మురుగప్ప గోల్డ్ కప్‌లో ఈ జట్లను చూడటానికి పిల్లలను తీసుకెళ్లండి. టికెట్టు ఖర్చు పెద్దగా ఉండదు, గోల్ వెనక కూర్చుని చూస్తే నేర్చుకునేది చాలా ఉంటుంది. అయితే లెక్క తెలిసి ఉండాలి. ఒక జట్టులో ఫార్వర్డులు ఆరేడుగురు ఉంటారు, గోలీలు ఇద్దరు. ఒక గోలీ ఉద్యోగంలో చేరితే పది, పన్నెండేళ్లు ఆ చోటు ఖాళీ కాదు. కాబట్టి చదువు ఆపే ప్రసక్తే లేదు. పన్నెండో తరగతి, డిగ్రీ పూర్తి చేయవలసిందే.

ఎదురు చూడటం గురించి ఇంకొక్క మాట. శ్రీజేష్ పద్దెనిమిదేళ్లకే, 2006లో సీనియర్ జట్టులోకి వచ్చాడు. ఏడ్రియన్ డిసౌజా, భరత్ ఛెత్రీల వెనక ఏళ్ల తరబడి ఉండి, 2011లో ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో పాకిస్తాన్ మీద షూటౌట్‌లో రెండు ఆపిన తర్వాతే దేశం అతన్ని గుర్తించింది. అప్పటికి ఇరవై మూడేళ్లు. లుండ్‌క్విస్ట్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగు పెట్టిందీ ఇరవై మూడేళ్లకే. 2024 పారిస్ కాంస్యంతో శ్రీజేష్ ఆట ముగించినప్పుడు అతనికి ముప్ఫై ఆరు. ఆ ఒలింపిక్స్‌కు రిజర్వు గోలీగా ఉన్న కృష్ణ బహదూర్ పాఠక్ అప్పటిదాకా చేసింది కూడా ఎదురు చూడటమే. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి జిల్లా జట్టుకు తీసుకోలేదని ఇంట్లో ఏడుపులు పెట్టుకునేవాళ్లు ఈ వయసులు ఒకసారి చూసుకోవాలి. పదహారు, పదిహేడేళ్ల దాకా ఆగి, పొడుగు పెరిగి, గొంతు వచ్చాక చూడండి. అప్పటికీ ఇష్టం ఉంటే సాగండి. లేకపోతే ఫార్వర్డ్‌గానో, వేరే ఆటకో మారడానికి ఏ సిగ్గూ అక్కర్లేదు.

ఎంపికకు వెళ్లేవాళ్లు పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, ఆధార్, బడి బోనఫైడ్, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు, నోటుబుక్కు, రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లండి. పొద్దున్నే చేరి, గోలీలను ఏ గంటకు చూస్తారో నిర్వాహకులను మర్యాదగా అడగండి. మధ్యాహ్నం అంటే అంతదాకా పిల్లవాణ్ణి ఎండలో ప్యాడ్లు కట్టించి నిలబెట్టవద్దు. నీడలో కూర్చోబెట్టి, పిలవడానికి అరగంట ముందు తాడాటతో ఒళ్లు వేడెక్కించండి.